గోడ మీంచి వచ్చిన మాట

చచ్చిపోయాకే మా చెల్లెలు మా వీధికి మంచిదైంది. అంతకుముందు ఒడిశాలోని మా రాయగడలో దాని పేరు "గాలిబస్సు కండక్టరమ్మ". దానికి ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం వచ్చిందని అమ్మ ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెబితే, ముందు వరసలో పెద్దమ్మలు నోటితో "స్తోత్రం" అన్నారు, కళ్లతో గౌను ఎంత పొట్టిగా ఉంటుందో కొలుచుకున్నారు. బయటికొచ్చి చెప్పులేసుకుంటూ ఒకావిడ ఉండబట్టలేక అడిగేసింది కూడా.

"ఏటమ్మా, మంచినీళ్లు అందించడానికి అంత సదువు కావాలేటి?"

మా అమ్మ నర్సుగా చేసి రిటైరైన మనిషి. బెడ్‌పాన్ అందించడానికి కూడా చదువు కావాలని తెలిసిన మనిషి. నవ్వేసి ఊరుకుంది. నాకు ఆ నవ్వు రాదు. "మీ అబ్బాయి డిగ్రీ పాసై కూడా ఇంట్లో మీకు గ్లాసుడు నీళ్లివ్వడు కదా ఆంటీ, మాది నయం" అన్నాను. ఆ తరవాత చాన్నాళ్లు ఆవిడ చర్చిలో నా పక్కన కూర్చోలేదు. నాకు కాస్త చోటు కలిసొచ్చింది, అంతే.

అలాంటి పిల్ల డ్యూటీలో ఉన్న విమానానికి ఎవరో బాంబు పెట్టి సముద్రం మీద పేల్చేశారు. తెల్లారేసరికి గాలిబస్సు కండక్టరమ్మ కాస్తా "రాయగడ ముద్దుబిడ్డ" అయిపోయింది. మా వీధి మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది. అందులో వార్డు నాయకుడు నిలువెత్తున చేతులు జోడించి నవ్వుతున్నాడు, మూలన తపాలా బిళ్లంత చోటులో మా చెల్లెలు. ఆ ఫోటో ఎక్కడిదంటే, మేమిద్దరం కలిసి తీయించుకున్నది. నన్ను కోసేశారు. దాని భుజం మీద ఒక చెయ్యి మాత్రం మిగిలిపోయింది. ఆ చెయ్యి నాది. ఎవరికీ చెప్పలేదు, చెబితే ఇంకో ఫ్లెక్సీ వేస్తారని భయం.

ఆ రోజు సంగతి మొదటినుంచీ చెబుతాను.

నేను కోరాపుట్ అవతల లమ్తపుట్‌లో ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. నాన్న మా చిన్నప్పుడే పోయారు. రాయగడ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ పొద్దున ప్రార్థన అయిపోయి పిల్లలు క్లాసుల్లోకి వెళ్తున్నారు. హెడ్మాస్టరు ఫోన్ చూసుకుంటూ "ఏదో ప్లేన్ పేలిపోయిందట" అన్నాడు, క్రికెట్లో ఎవరో అవుటయ్యారని చెప్పినట్టు. ఏ కంపెనీ విమానం అని అడిగాను. చెప్పాడు. ఎక్కడినుంచి బయల్దేరింది అని అడిగాను. చెప్పాడు. ఆ రోజు మా చెల్లెలు డ్యూటీ చేసే విమానం అదే. చెల్లెలికి ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ అని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది, కొద్దిసేపటి తరవాత మళ్లీ ప్రయత్నించమని సలహా కూడా ఇచ్చింది.

కంపెనీ వాళ్ల నంబరు ఎప్పుడూ బిజీ. అమ్మకి చేస్తే ఎదురింటివాళ్లు ఎత్తి, "అమ్మ టీవీ కాడ ఉంది, నువ్వు బయల్దేరి వచ్చెయ్" అన్నారు. దొరికిన బస్సెక్కి కోరాపుట్ వచ్చి, అక్కడ రాయగడ రైలెక్కాను.

మన దేశంలో బాంబుల గురించి ఇంతమందికి ఇంత తెలుసని ఆ రైల్లోనే నాకు తెలిసింది. ఎదురుగా ఒకాయన, బాంబు లగేజీలో పెడితే ఎలా పేలుతుంది, సీటు కింద పెడితే ఎలా పేలుతుంది, చేతులు తిప్పుతూ వివరిస్తున్నాడు. పక్కాయన అడ్డం వచ్చి అది రిమోట్ అన్నాడు. మూడో ఆయన ఫోన్లో వీడియో పెట్టి "చూడండి, చూడండి, ఇది తోక" అన్నాడు. ముగ్గురూ కలిసి రైలు కిటికీ రెక్క ఒకటి పైకెత్తలేక చెమటలు కక్కుతున్నారు. విమానాన్ని మాత్రం ముక్క ముక్క విప్పేస్తున్నారు. నేను మొహం కొంగులో పెట్టుకుని కూర్చున్నాను. నా పక్కన కాశీపూర్ వెళ్లే ముసలావిడ ఒకత్తె ఉంది, కొండల్లో మాట్లాడే దేశియా తప్ప ఇంకో భాష రాదు. ఆవిడొక్కత్తే ఏమీ మాట్లాడకుండా నా వీపు మీద చెయ్యి వేసింది.

సొరంగాల దారి అది. సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటుంది. ఒక సొరంగం దాటగానే ఫోన్లో గీతలు కనిపించాయి. అమ్మకి కొట్టాను. ఈసారి అమ్మే ఎత్తింది. "అమ్మా" అని ఒక్కటే ఏడుపు.

అటునుంచి ముందు టీవీ గొంతే వినపడింది. తరవాత అమ్మ అంది. "ఏడవకు అమ్మీ. పిల్ల బతికీసింది."

"ఏటమ్మా? ఎవరు సెప్పేరు?"

"పక్కింటి మౌసా సెప్పేడు. గోడ మీంచి ఇప్పుడే సెప్పేడు. నువ్వు నెమ్మదిగా రా. నాను ఉన్నాను కదా."

అంతలో ఇంకో సొరంగం వచ్చి ఫోన్ తెగిపోయింది.

చీకట్లో నేను పెట్టిన కేకకి పెట్టె అంతా లేచి నిలబడింది. వెలుతురు వచ్చేసరికి నేను ముసలావిడని వాటేసుకుని ఏడుస్తున్నాను, ఆవిడ కూడా ఏడుస్తోంది, ఎందుకో తెలియకపోయినా. సంగతి తెలిశాక బాంబు పండితులు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. మొదటాయన "నేను ముందే అన్నాను కదా, తోక దగ్గర ఉన్నవాళ్లు బతుకుతారని" అన్నాడు. అనలేదు. అయినా ఆ క్షణంలో ఆయన కాళ్లకి దండం పెట్టమన్నా పెట్టేదాన్ని. ముసలావిడ మూట విప్పి జామకాయ చేతిలో పెట్టింది. నేను దాన్ని కొరుక్కు తింటూ కొండలన్నీ చూసుకుంటూ, దేవుడికి రకరకాల మొక్కులు మొక్కుకుంటూ రాయగడ దాకా పెళ్లికి వెళ్తున్నదానిలా వెళ్లాను. ఎప్పుడు తలుచుకున్నా, నా జీవితంలో అంత సుఖంగా చేసిన ప్రయాణం ఇంకోటి లేదు.

ఆటో దిగేసరికి ఇంటి ముందు చెప్పుల గుట్ట. లోపల చర్చి వాళ్లందరూ కంజరి వాయిస్తూ పాటలు పాడుతున్నారు. గౌను కొలిచిన పెద్దమ్మ అందరికంటే గట్టిగా పాడుతోంది. పాస్టరు అయ్యగారు చెమట తుడుచుకుంటూ నా తల మీద చెయ్యి పెట్టి ఆశీర్వదించారు. మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. పాడటం లేదు. నన్ను చూడగానే లేచి వచ్చి, నా చేతులూ భుజాలూ మొహమూ తడిమి తడిమి చూసింది, ప్రమాదంలోంచి బయటపడ్డది నేనే అన్నట్టు.

"ఏ ఆస్పత్రిలో ఉందమ్మా?" అన్నాను.

ఇంతమంది ఉన్నారు, ఇన్ని పాటలు పాడారు, ఆ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. నేను టీవీ పెట్టాను. తెర అడుగున అక్షరాలు పరిగెడుతున్నాయి. విమానంలో ఉన్నవాళ్లు ఒక్కరూ బతకలేదని రాస్తున్నారు. చూసినవాళ్లు చూసి, టీవీ వాళ్లకి ఏం తెలుసు అన్నారు. అది కూడా నిజమే కానీ, నేను అమ్మ వైపు తిరిగాను.

"అమ్మా, మౌసా ఏమన్నాడు? ఆయన అన్న మాట అన్నట్టు సెప్పు."

అమ్మ నా మొహం కేసి చూడకుండా చెప్పింది. "ఆమ పిలా బంచిగలా, అన్నాడు."

మౌసా అంటే మా పక్కింటాయన. ఒడియా ఆయన, కరెంటు ఆఫీసులో పనిచేసి దిగిపోయాడు. ఒడియాలో పిన్ని మొగుణ్ణి అలా పిలుస్తారు. చిన్నప్పటినుంచీ మాకు ఆయన మౌసాయే. మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ. ఆయనకి ఒక్కడే కొడుకు, మా చెల్లెలి కంటే చిన్నవాడు, అది ఉండే నగరంలోనే కంప్యూటర్ ఉద్యోగం. దాన్ని అక్కా అక్కా అని తిరిగేవాడు. ఆ విమానానికే టిక్కెట్టు కొనుక్కున్నాడు, అక్క డ్యూటీ ఉన్న రోజు చూసుకుని మరీ. ఇది మా వీధిలో అందరికీ తెలుసు. ఎవరికీ ఆ సాయంత్రం గుర్తుకి రాలేదు.

ఇక ఆ మాట సంగతి. తెలుగులో పిల్ల అంటే ఆడపిల్ల. ఒడియాలో పిలా అంటే బిడ్డ. కొడుకైనా పిలాయే, కూతురైనా పిలాయే, పెళ్లై మీసాలు నెరిసినా అమ్మానాన్నలకి పిలాయే. 'ఆమ పిలా బంచిగలా' అంటే, మా బిడ్డ బతికి బయటపడ్డాడు అని. జీవితమంతా ఒడియా రోగులకి ఒడియాలో మందులిచ్చి, ఒడియాలో గదమాయించి, బజారులో ఒడియాలోనే వంకాయలు బేరమాడిన మా అమ్మ, సరిగ్గా ఆ ఒక్క రోజు ఒడియాని తెలుగులో వింది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తాను. వాళ్లింట్లో దీపాలు పెట్టి ఉన్నాయి, ఆయన భార్య మౌసీ పళ్లెంలో కొబ్బరికాయ పెట్టుకుని కూర్చుంది. మౌసా నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎవరు బతికేరు మౌసా?"

ఆయనకి తెలుగు బాగానే వచ్చు. ఆ వేళ మాత్రం రాలేదు. "అమ్మీ... ఆమ బాబు... గేటు కాడ కుర్సీలో నిద్రపోయేడు. పేరు పిలిచేరంట. ఇనలేదు. విమానం ఎల్లిపోనాది."

"మరి మా పిల్ల?"

ఆయన నేల చూశాడు. "నాకు తెలీదు అమ్మీ. ఫోను వచ్చింది, సంతోసం ఆగలేదు, దిదీకి, మీ అమ్మకి, సెప్పాలనిపించింది, సెప్పీసేను. అంతే. అంతకంటే ఆలోసించలేదు."

"మీ వాడు బతికితే మీ ఇంట్లో అరుసుకోండి! మా గోడెక్కి అరవడమేటి? మా అమ్మ గుండెకాయతో ఆడుకుంటారేటి?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వీధి అంతా విన్నది. ఆయన ఒక్క మాటకీ బదులు చెప్పలేదు, అదింకా మంట పెట్టింది నాకు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. పాటలు ఆగిపోయాయి. అమ్మ మాత్రం ఆగలేదు. "ఆమ పిలా అన్నాడు. నా సెవులతో ఇన్నాను. సిన్నమ్మి బతికే ఉంది" అంది. ఎంత చెప్పినా అదే మాట. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. అంత గట్టిగా స్తోత్రం చెప్పాక దేవుణ్ణి వెనక్కి ఏమడగాలో తెలియక కాబోలు, అయ్యగారు కూడా గుమ్మం దాకా వెనక్కి నడుచుకుంటూ వెళ్లారు.

తరవాతి రోజుల్లో పెద్దలందరూ వాళ్ల వాళ్ల పని శ్రద్ధగా చేశారు. దేశంలోనూ బయటా ఉన్న నాయకులందరూ తీవ్రంగా ఖండించారు. తీవ్రంగా కాకుండా మామూలుగా ఖండించినవాడు ఒక్కడు కూడా లేడు. బాంబు పెట్టినవాళ్లు కూడా మర్యాద తెలిసినవాళ్లే. ఈ పనికి పూర్తి బాధ్యత మాదే అని ప్రకటన పంపారు. ఆ మాట టీవీలో విని నాకు నవ్వొచ్చింది. బాధ్యత తీసుకునేవాళ్లు దొరికారు కదా, రమ్మనండి, మా అమ్మకి పొద్దున బీపీ మాత్ర వెయ్యాలి, రాత్రి నిద్రపోయేదాకా పక్కన కూర్చోవాలి. అసలు మా చెల్లెలు ఎవరికి ఏం చేసిందో చెప్పమనండి. వాంతి సంచులూ కాఫీలూ అందించింది. వాళ్లలో ఎవడైనా ఎప్పుడైనా విమానం ఎక్కి ఉంటే, వాడికీ నవ్వుతూనే అందించి ఉంటుంది. నాకు వాళ్లమీద ఎంత కోపమంటే, ఎదురుగా లేరు గనక ఆ కోపం అంతా తెచ్చి పక్కింటాయన మీద పోశాను. వాళ్ల చిరునామా నాకు తెలీదు, ఈయనది తెలుసు.

మైకులు పట్టుకుని వచ్చినవాళ్లు అమ్మని "మీకిప్పుడు ఎలా అనిపిస్తోంది" అని అడిగేవారు. "మా పిల్ల బతికే ఉంది" అనేది అమ్మ. అది వాళ్లకి మహా నచ్చింది. ఏడుపు సంగీతం కలిపి పదే పదే వేశారు. దాన్ని చూసి రామనగుడ నుంచి ప్రవచనం చెప్పే ఒక అమ్మగారు వచ్చింది. కళ్లు మూసుకుని, సముద్రం మధ్యలో దీవి కనిపిస్తోందని, కొబ్బరిచెట్టు కింద మీ పిల్ల కూర్చుందని చెప్పింది. దీవి అంటే కొబ్బరిచెట్టు లేకుండా దర్శనం రాదు కాబోలు. "మా చెల్లెలికి చెట్టెక్కడం వచ్చు, కాయలు కోసుకుని తాగుతుందిలెండి" అని పంపేశాను. అమ్మ ఆవిడకి టీ ఇవ్వమంది. అంతే తప్ప ఆ దీవి గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఆ సంగతి నాకు అప్పుడు పట్టలేదు.

మౌసా కొడుకు ఇంటికొచ్చాడు. మా వీధి చరిత్రలో ఒక నిద్రకి అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. అమ్మవారే జోకొట్టి పడుకోబెట్టిందన్నారు. గుడిలో మొక్కు తీర్చి వీధంతా ప్రసాదం పంచారు. పంచడానికి పెట్టినవాళ్లు సంగతి తెలియక మా ఇంట్లో కూడా దొన్నె ఇచ్చి వెళ్లిపోయారు. నా ఒళ్లు మండిపోయింది. వాణ్ణి జోకొట్టిన తల్లి మా దాన్ని ఎందుకు వదిలేసింది? మా దేవుడు మాత్రం ఏ పనిలో ఉన్నాడు? ఆ దొన్నె తీసుకెళ్లి వాళ్ల గోడ మీద పెట్టొద్దామని వంటింట్లోకి వెళ్తే, అమ్మ నిలబడి తింటోంది. విగ్రహాల ప్రసాదం ముట్టుకోకూడదని మమ్మల్ని చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిన మా అమ్మ.

"ఏటమ్మా ఇది?"

"ఆకలేసింది" అంది.

ఆ తరవాత కొన్ని వారాలకి పెట్టె వచ్చింది. అంతకుముందే అమ్మ నోట్లో దూది పుల్ల తిప్పి డీఎన్ఏ పరీక్షకి తీసుకెళ్లారు. సరిపోలిందట. విమాన కంపెనీ మనిషి ఒకడు, ఇస్త్రీ చొక్కా, చెమట కూడా పట్టని మొహం, హిందీలోనూ ఇంగ్లీషులోనూ రెండుసార్లు విచారం వెలిబుచ్చి, "అవశేషాలు" అన్నాడు. ఆ మాట నేను పాత కోటల గురించి తప్ప వినలేదు. పెట్టె చిన్నది. లోపల ఏముందో చూడొద్దని చెప్పాడు. అది మా చెల్లెలే అని నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే కనీసం దానికో చోటు దొరుకుతుంది కదా, పువ్వులు పెట్టుకోవడానికి.

అమ్మ ఒప్పుకోలేదు. "బతికున్న పిల్లకి సమాధి కట్టీస్తారేటి? తీసుకెల్లిపోండి" అంది. తల్లి సరేననకుండా ఎలాగని అయ్యగారు వెనక్కి తగ్గారు. పెట్టెని ఆస్పత్రి చల్లగదిలో పెట్టారు. రోజూ అక్కడినుంచి ఫోన్, ఎప్పుడు తీసుకెళ్తారమ్మా అని. రోజూ నేను అమ్మ దగ్గర కూర్చుని బతిమాలేదాన్ని, అరిచేదాన్ని. నా చెల్లెలు ముక్కలై వచ్చింది, ఆ ముక్కలైనా మట్టిలో పడుకోకుండా ఫ్రిజ్జులో ఉన్నాయి, ఎందుకంటే ఒక ఒడియా మాటని మా అమ్మ తెలుగులో వింది. బడికి సెలవు పెట్టి పెట్టి నా ఉద్యోగం కూడా గాలిలో వేలాడుతోంది. నాకు అమ్మ మీద కూడా కోపం వచ్చేది. వచ్చినందుకు ఏడుపొచ్చేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం మౌసా కొడుకు మా గుమ్మంలో నిలబడ్డాడు. తండ్రికి తెలియకుండా వచ్చినట్టున్నాడు, అటూ ఇటూ చూస్తున్నాడు. గెడ్డం మాసి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. నేను తలుపు వేసేద్దామనే లేచాను. అమ్మ "రా బాబూ" అంది.

వాడు లోపలికి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే చెప్పాడు. "ఆంటీ, అక్క నాకు ఫోన్ చేసింది. తలుపులు మూసే ముందు. చాలాసార్లు చేసింది. నా ఫోన్ సైలెంట్‌లో ఉంది. నన్ను ఎక్కించాలని చూసింది."

మా చెల్లెలు చివరి నిమిషంలో వెతికింది వీణ్ణి. వీడు ఎత్తి ఉంటే ఇప్పుడు రెండు పెట్టెలు ఉండేవి. ఆ సంగతి వాడికీ తెలుసు, రోజూ అదే తలుచుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది.

అమ్మ లేచి వాడి రెప్ప కింద వేలు పెట్టి కిందికి లాగి చూసింది, వార్డులో చూసినట్టు. "ఎన్నాళ్లయింది రా నిద్రపోయి?"

వాడు కళ్లు నులుముకున్నాడు.

"నిద్రపోడానికి బయపడతన్నావేటి? అదేటి తప్పుపని కాదు. ఇక్కడే తొంగో."

ముందు గదిలో మంచం మీద దుప్పటి సర్ది, వాడి భుజాలు పట్టుకుని పడుకోబెట్టింది. వాడు కాసేపు గోడకేసి తిరిగి వెక్కాడు. తరవాత నిద్రపోయాడు, నోరు తెరుచుకుని, మంచం సరిపోక కాళ్లు బయటికి వేలాడేసి. అమ్మ తలగడ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది. నేను గుమ్మంలో కూర్చున్నాను.

చాలాసేపటికి అమ్మ, వాడు లేస్తాడేమోనని గొంతు తగ్గించి, "అమ్మీ, నాకు ఒడియా రాదనుకున్నావేటి?" అంది.

నేను తలెత్తాను.

"ఈడు పుట్టినప్పుడు డ్యూటీలో ఉన్నది నానే. మెడకి పేగు సుట్టుకోని నీలంగా వచ్చేడు. ఏడుపు లేదు. డాక్టరమ్మ కూడా వదిలీసింది. నాను తిరగేసి కొట్టేను, ఊదేను, మల్లీ కొట్టేను. ఆకరికి కేరుమన్నాడు. ఈళ్ల నాన్న వరండాలో నేల మీద కూకుండిపోయి ఉన్నాడు. నానే బయటికెల్లి సెప్పేను. పిలా బంచిగలా, బాబూ, అని. ఆ మనిషి ఆ మాట మరసిపోలేదు. అందుకే గోడెక్కి నాకే సెప్పేడు. ఇంకెవలికి సెప్తాడు?"

"అంటే నీకు తెలుసా? మొదట్నుంచీ తెలుసా?"

"ఇనగానే తెలిసింది. ఈడు బతికేడు, సిన్నమ్మి పోయింది."

"మరి నాకెందుకు అలాగ సెప్పేవు?"

అమ్మ వాడి కాలి మీద దుప్పటి లాగింది. "ఆయన ఆ మాట అనడం, నీ ఫోను మోగడం. అమ్మా అని ఒకటే ఏడుపు. రైల్లో ఒక్కత్తివి. ఆ కొండలు, ఆ సొరంగాలు. ఒకర్తి ఎలాగూ పోయింది. రెండోదాన్ని ఇంటికి సేర్సుకోవాలి కదా. నోటికి అదే వచ్చీసింది. నువ్వు గుమ్మంలోకి వచ్చేక సెప్పీద్దామనుకున్నాను. ఈలోగా పక్కనున్న ఆడోల్లు ఇనీసి పాటలెత్తుకున్నారు. నువ్వొచ్చి, ఎల్లి మౌసా మీద ఇరుసుకు పడ్డావు. ఆయన నోరిప్పలేదు. అప్పటికి నాకు కూడా ఆ అబద్దం కావాల్సొచ్చింది అమ్మీ. పొద్దున్నే లెగిస్తే అది బతికే ఉండీది."

రైల్లో తిన్న జామకాయ, ముసలావిడ చెయ్యి, రాయగడ దాకా కళ్లు తుడుచుకుంటూ చూసిన కొండలు అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. వెళ్లి అమ్మ ఒళ్లో తల పెట్టాను. అమ్మ నా తల నిమురుతూనే, ఇంకో చెయ్యి వాడి మంచం మీద ఉంచింది.

"ఇంక సాలు" అంది. "రేపు మట్టి సేసీద్దాం. అయ్యగారికి కబురెట్టు."

మర్నాడు చర్చి అంతా వచ్చింది. వార్డు నాయకుడు తెల్లబట్టల్లో, ఫోటో తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పెట్టె మొయ్యడానికి ముందుకొచ్చి, ఎటు తిరిగితే మొహం బాగా పడుతుందో చూసుకుంటున్నాడు. అమ్మ "నువ్వుండు బాబూ" అంది. అంది ఎలాగంటే, ఆయన నిజంగానే ఉండిపోయాడు.

మౌసా మా గేటు బయట, వీధికి అవతలి పక్కన నిలబడి ఉన్నాడు. లోపలికి రావచ్చో లేదో ఆయనకి తెలీదు. ఆ సాయంత్రం నేను తిట్టిన దగ్గర్నుంచీ ఆయన మా గోడ వైపు కూడా చూడలేదు. అమ్మ గేటు దాకా వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, పెట్టెకి ఒక పక్కన నిలబెట్టింది. రెండో పక్కకి నన్ను పిలిచింది.

నేను వెళ్లాను. ఆయన మొహం చూడలేకపోయాను, ఆయన చేతులు చూశాను. పెట్టె అంచు పట్టుకున్నాయి. ఒక్క మనిషి చంకలో పెట్టుకుని పోగలిగినంత చిన్న పెట్టె అది. ఇద్దరం మోశాం.